పెళ్ళికూతురి పన్ను

చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టుకునే, కళ్ళజోడు మరిచిపోయి వచ్చానని చెప్పాడు పళ్ళ మేస్త్రి. బుద్ధెరిగాక ఆయన అంత పచ్చి అబద్ధం ఆడలేదు. ఎదురుగా కూర్చున్న ఎముకల డాక్టరమ్మ ఆ జేబు వైపు చూసిందో లేదో గానీ, "పర్లేదు పెద్దాయనా, రేపు తెచ్చుకుని రండి" అంది. బల్ల మీద ట్రేలో మట్టి కడిగిన కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి ఉంది. అది ఆయన అన్నయ్యది.

నీళ్ళ పైపుల కోసం తవ్వుతుంటే పాత ఇటుక బట్టీ వెనక ఆ గొయ్యి బయటపడింది. ఎముకలు ఎవరివో ఎవరూ చెప్పలేకపోయారు. యుద్ధం నాటికి ఊళ్ళో కట్టుడు పళ్ళు చేసేవాడు ఈయనొక్కడే కాబట్టి, తన చేతిపని తను గుర్తుపడతాడని కబురు పెట్టారు. డాక్టరమ్మ, చచ్చిపోయినవాళ్ళ పేర్లు తేల్చడానికి ఏటికి రెండు ఒడ్డులవాళ్ళూ ఒప్పుకుని వేసిన కమిటీ మనిషి. వయసు చిన్నది, ఆశ పెద్దది.

"ఒక్కరి పేరు తేలినా చాలండి. ఆ మనిషి ఎవరి చేతికి చిక్కాడో తెలుస్తుంది. ఈ గొయ్యి ఎవరు తవ్వారో రాసెయ్యొచ్చు. రేపటి పిల్లలు రెండు వైపులా ఒకే చరిత్ర చదువుకుంటారు."

పాపం, పిచ్చి తల్లి! ఆ దేశాన్ని ఏరు చీల్చలేదు. ఏరు ఎప్పట్నుంచో ఉంది, దాని మీద వంతెనా ఉంది. ఇవతల పిల్లను అవతలికి ఇచ్చారు, అవతల సరుకు ఇవతల అమ్ముకున్నారు. ఉన్నట్టుండి ఒక ఏడాది అందరూ ఇవతలివాళ్ళూ అవతలివాళ్ళూ అయి కూర్చున్నారు. ముందు కాల్చిందెవరయ్యా అంటే, తలా ఒక పాఠ్యపుస్తకం తెచ్చి మొహాన కొడతారు. ఇక ఇటుక బట్టీ అంటారా, అది ఇవతల ఉంది. యుద్ధం జరిగినన్నాళ్ళూ అవతలివాడు ఒక్కడు అక్కడ కాలు పెట్టలేకపోయాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. గొయ్యి బయటపడ్డ సాయంత్రానికల్లా ఊరంతా మరిచిపోయింది.

అన్న బస్సు డ్రైవరు. వంతెన దాటి వెళ్ళొచ్చే బస్సు ఆయనది. గొడవలు మొదలైన కొత్తలో, రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనప దూలం చూసుకోక చివర్లో బ్రేకు కొట్టాడు. మూతి పోయి స్టీరింగుకు గుద్దుకుంది, పైవరస ముందుపళ్ళు రాలిపోయాయి. తమ్ముడు ఆ నోటి అచ్చు తీసి, మైనంలో పళ్ళు పేర్చడానికి కూర్చున్నాడు. తీరా చూస్తే ఒకటి తక్కువ. పళ్ళు తయారయ్యే ఫ్యాక్టరీ అవతల ఒడ్డున ఉంది, సరుకు ఆగిపోయింది. ఆడవాళ్ళ సెట్టులో మిగిలిన చిన్న పన్ను ఒకటి కనిపిస్తే అదే తెచ్చి ఇరికించాడు.

అన్న అద్దంలో చూసుకుని పగలబడి నవ్వాడు. "ఒరే, నా నోట్లో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టావు కదరా! ఇంతమంది మగాళ్ళ మధ్య ఎలా సిగ్గుపడుతోందో చూడు."

"యుద్ధం అయిపోగానే మార్చేస్తా అన్నయ్యా."

"వద్దురా, ఉండనీ. సవతి పోరంటే ఏంటో మీ వదినకి తెలియాలిగా."

ఎవరెన్ని చెప్పినా అన్న వంతెన మీదుగా బస్సు నడపడం మానలేదు. టిక్కెట్టు కొన్నవాడు ప్రయాణికుడు, ఏ ఒడ్డువాడైతే నాకేంటి అనేవాడు. ఒకరోజు ఇంటికి రాలేదు. అవతలివాళ్ళు పట్టుకుపోయారని వీధి కాపలా దళం వచ్చి చెప్పింది. అప్పటినుంచి ఏటా వంతెన దగ్గర జరిగే సంతాప సభలో వదినకు ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. మేస్త్రి మనసులో అవతలివాళ్ళ మీద పుట్టిన కసి చల్లారలేదు. శాంతి ఒప్పందం తర్వాత అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలాయన బోసినోటితో వచ్చి, పళ్ళు చేసిపెట్టమని చేతులు జోడించాడు. వెళ్ళవయ్యా వెళ్ళు అని గుమ్మంలోంచే తరిమేశాడు. ఆ పని చేసినందుకు చాలాకాలం లోలోపల గర్వపడ్డాడు కూడా.

డాక్టరమ్మ దగ్గర ఆ పళ్ళు చూసి వచ్చిన సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాడు. ఆమె కొడుకు ఆఫీసు చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది.

"వదినా, అన్నయ్య దొరికాడు."

ఇస్త్రీపెట్టె ఆగింది. ఎక్కడ అని ఆమె అడగలేదు. అడగలేదన్న సంగతి ఆయనకు వెంటనే తట్టలేదు.

"బట్టీ వెనక. అంటే, మనవాళ్ళే..."

"ముందు ఆ తలుపు వెయ్యి," అంది వదిన.

తలుపు వేసి వచ్చాడు.

"నీకు ఇవాళ తెలిసింది. నాకు ఆ రోజే తెలుసు. క్యారేజీ పట్టుకుని డిపోకి వెళ్తుంటే కళ్ళారా చూశాను. చేతులు వెనక్కి కట్టి బట్టీ వైపు నడిపించుకుపోతున్నారు. ముందు నడిచిందెవరో తెలుసా? మన మున్సిపల్ ఛైర్మన్. అప్పట్లో కాపలా దళానికి నాయకుడు. సాయంత్రం వాడే ఇంటికొచ్చి, అవతలివాళ్ళు పట్టుకుపోయారమ్మా అని కళ్ళు తుడుచుకున్నాడు. నేను వాడి మొహం చూశాను, వాడు నా మొహం చూశాడు. ఒళ్ళో పిల్లాడున్నాడు. అవునన్నాను."

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట అనలేదే వదినా!"

"అంటే నువ్వు ఊరుకునేవాడివా? నిన్నూ తీసుకెళ్ళి అదే గోతిలో పడేసేవాళ్ళు. పిల్లాడికి ఉద్యోగం ఎవరిప్పించారు? రేపు నీ నోట్లోంచి ఆ మాట వస్తే, ఎల్లుండి వాడు ఈ వీధిలో తలెత్తుకు తిరగగలడా? అసలు తిరగనిస్తారా?"

"మరి అన్నయ్య?"

"ఆయన్ని ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఉన్నవాణ్ణి చూసుకోనీ నన్ను."

మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టింది. చొక్కా చెయ్యి ఒకటి పూర్తిచేసింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"పెళ్ళికూతురు ఉందా?"

"ఉంది వదినా. అలాగే ఉంది."

అప్పుడు ఏడ్చింది. బయటికి వినపడకుండా, చొక్కా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికి నడుస్తుంటే మేస్త్రికి అన్న గుర్తురాలేదు. బోసినోటి ముసలాయన గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళూ తనదనుకుని పెంచుకున్న కసి, ఎవడో హంతకుడు తన పాపం కప్పిపుచ్చుకోవడానికి చేతికిచ్చి పోయినదా! పోనీ, ఇప్పుడు ఛైర్మన్ మీద కసి పెంచుకుందామంటే ఒంట్లో ఓపిక లేదు. వదిన మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. అన్న పోయినప్పుడు కనీసం ఎవరిని తిట్టాలో తెలుసు. ఇప్పుడు అదీ లేదు.

మర్నాడు కళ్ళజోడు పెట్టుకునే వెళ్ళాడు. డాక్టరమ్మ ఆ పళ్ళు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అంచు దగ్గర తను ఆకురాయి పెట్టి నున్నగా చేసిన చోటు బొటనవేలికి తగిలింది. చిగుళ్ళు ఒరుసుకోకూడదని అన్నకోసం ప్రత్యేకంగా చేసిన పని అది.

"మీ పనేనా పెద్దాయనా?"

"కాదమ్మా."

"బాగా చూడండి. తొందరేం లేదు."

"చూశానమ్మా. నాది కాదు."

ఆమె మొహం వాడిపోయింది. "అయితే ఇక చేసేదేం లేదు. పేరు తేలనివాళ్ళందర్నీ వంతెన దగ్గర స్తూపం కింద పెడతారట. 'అవతలివారి చేతిలో బలైనవారు' అని ఛైర్మన్ గారు పలక కూడా చెక్కించేశారు."

మేస్త్రి తల ఊపాడు. పళ్ళు తిరిగి ఇవ్వడానికి వేళ్ళు విప్పుకోలేదు. ఆమె మెల్లగా తనే తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఒక్క సంగతి చెప్పండి. మిగతావన్నీ చక్కగా కుదిరాయి. ఈ ఒక్క పన్ను ఇంత చిన్నది ఎందుకు పెట్టినట్టు?"

"ఎవడో చేతకానివాడు చేసిన పనిలే తల్లీ," అన్నాడు పళ్ళ మేస్త్రి.

ఆమె ఆ పళ్ళను పెట్టెలో పెట్టి మూత వేసింది.