సూదక్క నవలకి ఆల్టరేషన్

ముందు మిషను చప్పుడు వినిపిస్తుంది. రేకుల మీద వాన పరిగెత్తినట్టు టకటకమంటూ సందంతా పాకి, ఉన్నట్టుండి ఆగుతుంది. ఆగిన చోట ఒక ఆడగొంతు, బహు గంభీరంగా:

"కెప్టెన్ కళ్ళలో సముద్రం పొంగింది, ఫుల్‌స్టాప్."

మళ్ళీ టకటక.

సందుకి కొత్తవాళ్ళయితే తలెత్తి చూస్తారు. పాతవాళ్ళు చూడరు. సూదక్క నవల రాస్తోందని వాళ్ళకి తెలుసు.

మెట్లెక్కితే ఒంటి గది, ఒక కిటికీ, మూలన ఆకుపచ్చ తెర. మెడలో టేపు వేసుకుని మిషను ముందు ఆవిడ. కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటికే ఆల్టరేషన్లు చేస్తుంది. చిక్కినవాళ్ళకి బిగించడం, ఒళ్ళు చేసినవాళ్ళకి వదులు చెయ్యడం, ఒళ్ళు చేశామని ఒప్పుకోనివాళ్ళకి చెప్పకుండా వదులు చెయ్యడం. మూడోది అన్నిటికన్నా నాజూకు పని. దానికి చేతులతో పాటు మొహం కూడా అదుపులో ఉండాలి.

నవల మొదలుపెట్టడం ఆవిడకి జలుబు లాంటిది. ఏటా వస్తుంది, నాలుగు తుమ్ములు తుమ్మించి పోతుంది. ఇంట్లో ఏ అర తెరిచినా ఒక కథానాయిక సగం ప్రేమలో నిలబడి ఉంటుంది. భర్త లిఫ్ట్ మెకానిక్. మధ్యలో ఆగినవాటిని కదిలించడం తన వృత్తేననీ, ఇంట్లో మాత్రం తన వల్ల కావడం లేదనీ ఓసారి చుట్టాల ముందు జోకేశాడు. ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. సూదక్కకి ఒళ్ళు మండింది. ఈ నెలాఖరుకి నవల పూర్తి చెయ్యకపోతే జన్మలో ఆ మాట ఎత్తనని అందరి ముందూ అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, ఆడపడుచు అప్పటికే నెలాఖరు ఏ వారమో చూసుకుంటోంది.

దగ్గర్లోని గ్రంథాలయంలో నెలలో నవల రాసేవాళ్ళ గుంపు ఒకటి ఉంది. దాన్ని నడిపే లైబ్రేరియన్ పెట్టిన నియమం ఒక్కటే, వెనక్కి తిరిగి చదవకూడదని. చదివితే సిగ్గేస్తుంది, సిగ్గేస్తే చెయ్యి ఆగిపోతుంది. సూదక్కకి ఇది తెగ నచ్చింది. ముందు కుట్టెయ్యడం, దారాలు తర్వాత తెంపడం ఆవిడకి కొత్త కాదు. చేతులు ఖాళీగా ఉండవు కనక నోటితో చెబితే ఫోను రాసిపెట్టేది. నవల పులిసిన పిండిలా పొంగింది. తన వాగ్ధాటికి తనే మురిసిపోయింది.

నెల ముగియడానికి వారం ముందు, ప్రింటు తీయాలి కాబట్టి ఆఖరి రోజుకల్లా మొత్తం పంపమని గ్రంథాలయం వాళ్ళన్నారు. అప్పుడు తెరిచి చూసుకుంది.

వెన్నెల్లో ఓడ కెప్టెన్, తను ప్రేమించిన వితంతువు చెయ్యి పట్టుకుని, నీ కోసమే ఏడు సముద్రాలు దాటానన్నాడు. దానికి ఆమె జవాబు ఇలా ఉంది:

"పట్టేస్తోందక్కా, ఊపిరాడట్లేదు. మా ఆయనకి మాత్రం చెప్పకు, లావయ్యానంటే పండగ చేసుకుంటాడు."

సూదక్కకి అప్పుడు వెలిగింది. ఎవరైనా వస్తే మిషను ఆపేది గానీ ఫోను ఆపేది కాదు. తెర వెనక బట్టలు విప్పినవాళ్ళు మనసూ విప్పేస్తారు. అదంతా నెల పొడుగునా ఫోను బుద్ధిగా రాసుకుంది. బ్యాంకు మేనేజరమ్మ ఊపిరీ, మొగుడి మీద ఉక్రోషమూ. జిమ్ మాస్టారు పొట్ట లోపలికి నొక్కే అతుకు వేయించుకున్న వైనం. ఊరందరికీ విడాకులిప్పించే లాయరు, పెళ్ళాం కంటపడకుండా సిగరెట్లకి దొంగజేబు కుట్టించుకున్న సంగతి.

అవన్నీ తీసేస్తే మిగిలేది కెప్టెన్, వితంతువు, బోలెడు ఉప్పునీళ్ళు. అది నవల కాదు, నవలకి అంచు. పైగా కెప్టెన్ బట్టల దుకాణం బొమ్మలా ఉన్నాడు. కోటు బ్రహ్మాండం, లోపల గడ్డి. పోనీ ఉంచేద్దామంటే, ఆ తెర వెనక్కి మళ్ళీ ఎవరూ రారు.

భర్త టీ గ్లాసుతో వచ్చి ఆవిడ మొహం చూశాడు.

"ఏంటి, మధ్య అంతస్తులో ఆగిందా?"

"మీరు నోరు మూసుకుని ఆ కత్తెర ఇటివ్వండి."

కత్తెర ఎందుకో ఆవిడకే తెలీదు. అది చేతిలో ఉంటే ఆలోచన కాస్త భయపడి దగ్గరికొస్తుంది. బల్ల మీద ఒక కోటు ఉంది. అన్న తొడుక్కున్నదాన్ని తమ్ముడికి సరిపోయేలా చెయ్యమని ఇచ్చిపోయారు. భుజాలు దించి, కాలరు మార్చి, గుండీలు మార్చాక ఆ అన్నే వచ్చి, ఇది మాది కాదమ్మా, మా కోటు ఏదీ అని పొద్దున దెబ్బలాడి వెళ్ళాడు.

సూదక్క ఆ కోటు వైపు చాలాసేపు చూసింది. తర్వాత గిరాకీలందరినీ వారం పోయాక రమ్మని పంపేసి, తలుపు వేసి, నవలని బల్ల మీద పరిచి కుట్లు విప్పింది.

మేనేజరమ్మని ఓడలో వంటవాణ్ణి చేసింది. ఆవిడ మొగుడు, చెప్పిన మాట వినని గిన్నెలు తోమేవాడయ్యాడు. జిమ్ మాస్టారికి గౌను తొడిగి, రేవులో వయసు దాచుకునే నాట్యకత్తెని చేసింది. లాయరు సముద్రపు దొంగ. పెద్దగా మార్చాల్సి రాలేదు. వీళ్ళందరూ ఎక్కేసరికి ఓడలో చోటు చాలక, ఊపిరాడని కెప్టెన్ జీవితంలో మొదటిసారి మనిషిలా విసుక్కున్నాడు. ఆఖరి రోజు దీపాలు పెట్టకముందే "సమాప్తం" అంది, ఫుల్‌స్టాప్ చెప్పడం మర్చిపోయి.

భర్త చివరి పేజీ మాత్రం చదివాడు, ఉందో లేదో చూడ్డానికి. ఉంది. ఆ సాయంత్రం చెల్లెలికి తనే ఫోను చేసి చెప్పాడు, కొంచెం పొడిపొడిగా.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. గ్రంథాలయంలో పెట్టిన కాపీ మేనేజరమ్మ చేతికి చిక్కింది. ఆవిడ ఆకుపచ్చ తెర వెనక నిలబడి, చదివానని చెప్పేసరికి సూదక్క నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

"ఆ వంటవాడున్నాడే అక్కా..."

"ఊఁ."

"అచ్చం మా తోటికోడలే. ఎంతసేపూ పక్కవాణ్ణి ఆడిపోసుకోవడమే. ఆవిడ నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?"

సూదక్క పెదాల మధ్య సూదుల్ని గట్టిగా బిగించింది. నవ్వితే గుచ్చుకుంటాయి.

ఇదంతా రాసుకోవచ్చా అని నేను అడిగినప్పుడు సూదక్క నేల మీద మోకాళ్ళూని, ఒక ప్యాంటు అంచు మడుస్తోంది. తలెత్తలేదు. నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"రాసుకోండి. నన్ను మాత్రం నడుము దగ్గర కాస్త బిగించి రాయండి."