మామ్మగారి మూలుగు

చాలా ఏళ్ళుగా ఒక మూలుగు మోస్తున్నాను. అది నాది కాదు. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఏడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. నాకొచ్చిన విద్యల్లా ఎవరి గొంతైనా అచ్చు దింపి నవ్వించడం. నిడదవోలు దగ్గర మా ఊళ్ళో మంచం పట్టిన మార్తమ్మ మామ్మగారిని చూసుకోమని మా చర్చి సంఘం నన్ను పెట్టింది. ఒళ్ళు తుడిచేదాన్ని, జావ పట్టేదాన్ని. ప్రేమతోనే చేస్తున్నాననుకున్నాను.

ఒక శుక్రవారం ప్రార్థనయ్యాక మామ్మగారింటి అరుగు మీద టీ తాగుతూ ఆడవాళ్ళు, "మామ్మగారికెలా ఉందే?" అన్నారు. మాటల్లో చెబితే పోయేది. మూలిగి చూపించాను. సన్నగా మొదలై, మధ్యలో తెగి, "ప్రభువా" దగ్గర గీరుకుపోయే మూలుగు. పడీపడీ నవ్వారు. వెనక ఆవిడ గది కిటికీ తెరిచే ఉంది.

మర్నాటి నుంచి మామ్మగారు మూలగలేదు.

ప్రార్థన ఫలించిందనుకున్నాను. ఆదివారం మందిరంలో లేచి, ఆవిడ నొప్పి తగ్గిందని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నొప్పికి సూదిమందు వేసే నర్సమ్మను సంఘం వాళ్ళు ఇక రావద్దన్నారు.

ఆ సాయంత్రం పక్క మారుస్తుంటే తలగడ కింద తువ్వాలు దొరికింది. ఓ కొస నమిలి నమిలి పీలికలైంది.

"ఇదేంటి మామ్మగారూ, ఎలకలా?"

"ఎలకేనే పిల్లా. ముసలి ఎలక. మొన్న బాగా మూలిగావే. నేనేనేమో అనుకున్నాను."

కాళ్ళు పట్టుకోవాలి కదా? నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"నేర్పింది మీరేగా!"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చాటున నేను తప్పించుకున్నాను. నర్సమ్మను పిలవమని చెప్పడానికి ఒక్క మాట చాలు. చెబితే నా సాక్ష్యం అబద్ధమైపోతుంది. చెప్పలేదు. ఆ తువ్వాలు మాత్రం రోజూ ఉతికి, ఆరేసి, మళ్ళీ తలగడ కిందే పెట్టాను.

ఇప్పటికీ అంతుబట్టనిది ఒకటుంది. అంత అచ్చంగా మూలగాలంటే, ఊపిరి ఎక్కడ తెగుతుందో, ఎక్కడ అందుకుంటుందో, ఎంత శ్రద్ధగా విని ఉండాలి? చెవి దాకా వచ్చింది లోపలికి ఎందుకు దిగలేదు? లోపల అసలు చోటుందా? జావ పట్టిన చేతులు, వెక్కిరించిన నోరు, రెండూ నావేనా? తెలీదు. తెలిసిందల్లా ఒకటే.

మామ్మగారి నొప్పి తగ్గలేదు. పోయేదాకా తగ్గలేదు.

మందిరంలో లేచి చెప్పాల్సిన మాట ఇది. ఇన్నాళ్ళకు చెప్పాను, నా సొంత గొంతుతో.