వేట తుపాకీకి వారసుడు

సింగపూరు బిషాన్‌లోని మా ఫ్లాట్‌కి ఊరి నుంచి వచ్చిన రెండో రోజునే మా నాన్న పెట్టె అడుగు నుంచి ఒక ఫొటో, ఒక కాగితం తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఫొటోలో మా తాత వేట తుపాకీ. ఇంగ్లండులో చేసింది, అక్రోటు చెక్క పిడి. దాని మీద దసరా బొట్టు కూడా కనిపిస్తోంది.

కాగితం తీసి చదివాను. లైసెన్సు నా పేరుకి మార్చడానికి నా సమ్మతి పత్రం అది.

"సంతకం పెట్టరా. నాకు డెబ్బై దాటాయి. నువ్వు కాదంటే పోలీస్ స్టేషన్లో ఇచ్చెయ్యమంటున్నారు."

ఈలోగా మా ఆరేళ్ళవాడు ఫొటో లాక్కున్నాడు. "తాతా, రియల్ గన్ ఆ? సో కూల్ లా!" అని అరిచాడు, ఇక్కడి పిల్లల యాసలో.

నేను లేచి వరండా వైపు కిటికీ మూసేశాను. పక్కింటి చైనీస్ అవ్వకి తెలుగు రాదు. రాకపోతేనేం, గన్ అంటే తెలుసు కదా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను.

నా భయం ఊరికే పుట్టింది కాదు. సైన్స్ పార్క్‌లో నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం గండం గడిచి, కంప్యూటర్ వాళ్ళకి ఎక్కడ చూసినా గిరాకీ ఉన్న రోజులు. పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు సగం నింపి ఉంచాను. ఇక్కడ జేబులో ఒక్క తూటా దొరికినా బతుకు బుగ్గే. అలాంటి చోట, నా పేరున ఊళ్ళో ఒక తుపాకీ ఉందంటే? అడుగుతారో అడగరో తెలియదు. అడిగితే? కొరివితో తల గోక్కోవడం కాక మరేమిటి!

మా తాత దాంతో చెరుకు తోటల మీద పడే అడవి పందుల్ని కొట్టేవాడు. వేట నిషేధించాక నాన్నకి దాన్ని తుడుచుకోవడమే మిగిలింది. నూనె గుడ్డ పట్టుకుని ఆయన దాని ముందు కూర్చుంటే నేను ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి కాదు. అదంటే నాకు చిన్నప్పటి నుంచీ వణుకే. ఎన్నికలప్పుడు దాన్ని స్టేషన్లో అప్పగించాక, మళ్ళీ ఇంటికి తెచ్చుకునేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు. అది తెలిసి కూడా "నావల్ల కాదు నాన్నా" అనేశాను.

ఆయన కాగితం మడిచి ఫొటోతో పాటు జేబులో పెట్టుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ ఆదివారం మా ఆవిడ దరఖాస్తు ముందేసుకుని కూర్చుంది. "ఈ రెసిడెన్సీ వచ్చిందంటే వీడు పద్దెనిమిదేళ్ళకి ఇక్కడి ఆర్మీలో చెయ్యాలటండీ. తప్పదట."

నాన్న పేపరు దించాడు. "తుపాకీ ఇస్తారా?"

"ఇస్తారట మావయ్యగారూ. అందరికీ ఇస్తారట."

వాడు నేల మీద బొమ్మ రైలు నడుపుకుంటున్నాడు. నాన్న వాణ్ణి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మా నాన్న పందుల్ని కొట్టాడు. నేను కాకిని కూడా కొట్టలేదు. వీడు ఎవర్ని కొట్టాలిరా?"

నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. అయినా మర్నాడు ఆ రెసిడెన్సీ దరఖాస్తు మీద వాడి బదులు తండ్రిగా నేనే సంతకం పెట్టాను.