ఊపిరి చూసే అరచెయ్యి

ఆ అరచెయ్యి నాకిప్పటికీ గుర్తుంది. 1960ల్లో బళేపేటలో మా పక్కింటాయన పాత ఫ్యాన్లు, మిషన్లు బాగుచేసేవాడు. మోటారు తిరగ్గానే గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి, "ఊపిరి ఉండాదప్పా" అనేవాడు.

ఒకసారి దండులో, అంటే కంటోన్మెంటులో, ఇల్లు ఖాళీచేస్తున్న దొరల దగ్గర పాత వాక్యూమ్ క్లీనర్ కొన్నాడు. వైరుకు చుట్టిన గుడ్డ చూసి, "రెండో యుద్ధానికి ముందుది. నా పెళ్లినాటిది" అన్నాడు. నెలల తరబడి తుప్పు గీకి, మోటారులో అరిగిన కార్బన్ బ్రష్‌లు మార్చి, చివరికి ఒకరోజు నేను పక్కనుండగా ఆడించాడు.

"ఏమే, ఇట్లా రా!" అని భార్యను పిలిచాడు. గోడకానుకుని కూర్చున్న ఆమె కదల్లేదు. దగ్గరికెళ్లి అదే అరచెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"మిషన్ ఆపప్పా" అన్నాడు నాతో. "దాని గాలో, ఈమె ఊపిరో తెలీకుండా ఉండాది."

ఆపాను. అరచెయ్యి అక్కడే ఉంది. "ఊపిరి ఉండాదప్పా" అని మాత్రం ఆయన అనలేదు.