కూతదూరంలో సముద్రం

పాన్‌గల్ మండలంలో సత్తెమ్మను పట్టుకుని, నువ్వు పని చేయని ఊరేదైనా ఉందా అంటే కాసేపు ఆలోచించి, "ఢిల్లీ దిక్కు పోలే" అంటుంది. పన్నెండేళ్లప్పుడు వలసకూలీల గుంపుతో పాటు లారీ ఎక్కింది, ఇప్పుడు నలభై ఎనిమిది. కాలువలు తవ్వింది, కట్టలు పోసింది, రాళ్లు మోసింది. ఆడదానికి తట్ట ఇస్తారు గానీ తాపీ ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. మేస్త్రీలు అన్నానికి పోయినప్పుడు వాళ్ల తాపీ తీసుకుని దొంగతనంగా గోడలు పూసి నేర్చుకుంది. దొరికిపోయిన రోజు తిట్లు తిన్నది. గోడ మాత్రం నున్నగా వచ్చింది, తిట్టిన మేస్త్రే దాన్ని చేత్తో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పెళ్లి సంగతి అలా ఉంచండి. సత్తెమ్మ ఎన్ని ఇళ్లు కట్టిందో ఆమెకే లెక్క లేదు. వాటిలో ఒక్కదాంట్లోనూ ఒక్క పూట పడుకోలేదు. గృహప్రవేశం నాటికి గుంపు ఇంకో ఊర్లో రేకుల కింద ఉండేది. కట్టినవాళ్లను భోజనానికి పిలవాలన్న ఆలోచన కూడా ఆ ఇంటివాళ్లకు వచ్చేది కాదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకే ఒళ్లు మండుతుంది, ఆమెకెంత మండి ఉండాలి!

గడిచిన పదకొండేళ్లు ఆమె, భర్త వెంకట్రాములు చీరాలలోనే ఉండి పని చేశారు. అక్కడ ఒక టీచరమ్మకు రెండు గదుల ఇల్లు కట్టారు. లోపలి గోడలన్నీ సత్తెమ్మ పూసినవే. ఆ టీచరమ్మ ఇప్పుడు కూతురి దగ్గరికి పోతూ ఇల్లు అమ్ముతానంది. సత్తెమ్మ రెండో మాట లేకుండా, "నాకియ్యండి" అన్నది. కూడబెట్టినదంతా ఊడ్చి డబ్బు ఇచ్చేసింది. సోమవారం రిజిస్ట్రేషన్, తన పేరు మీదే. సామాను తెచ్చుకుందామని ఇద్దరూ ఊరికి వచ్చారు.

ఊర్లో బుచ్చన్న ఉన్నాడు. వెంకట్రాములు అన్న, ఒకప్పుడు గుంపు మేస్త్రి. తమ్ముడూ మరదలూ ఏడాదికి రెండు నెలలు ఆయన ఇంటి వసారాలోనే తలదాచుకుంటారు. సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయన తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు.

"గాడ పట్నం పన్నురా! ఊర్లె లెక్క ఏడాదికోసారి గాదు, ఆర్నెల్లకోసారి గట్టాలె. ఏటేటా తుఫానొస్తది. నీళ్లల్ల కొట్కపోతె ఎవల్నడుగుతవ్? ఉన్న ఊరు కన్నతల్లి లెక్క."

సత్తెమ్మ పక్కనే మూటలు కడుతోంది. "కన్నతల్లైతే ఏడాదికి పది నెల్లు బిడ్డల్ని ఎళ్లగొడ్తదా బావా?" అని తలెత్తకుండానే అడిగింది.

వెంకట్రాములు మాత్రం పరేషాన్‌లో పడ్డాడు. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, మునుపటిలా మూటలెత్తుకుని పరిగెత్తలేడు. రెండు రోజులు ఆలోచించి ఒక మాట చెప్పాడు.

"తుఫానుకు ఇల్లు పోతె పైసలొచ్చేటట్టు బీమా చేపియ్యి. గట్లయితే వస్త. లేకుంటె రాను."

మా దిక్కు బీమా అంటే రైతు బీమాయే. పట్టా ఉన్న రైతు కన్ను మూస్తే ఇంటివాళ్లకు డబ్బొస్తుంది. ఇంకో బీమా ఉంటుందని ఎవరు చెప్పారు గనక?

"బీమానా? గిప్పుడు ఇద్దర్ల ఎవలు సావాలె?" అన్నది సత్తెమ్మ.

ఆ సందేహం తీర్చడానికే వనపర్తికి పోవాల్సి వచ్చింది. వాళ్ల ఊరి కుర్రాడు ఉదయ్ కిరణ్ అక్కడ బస్టాండు దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని పాలసీలు చేయిస్తాడు. సాక్షిగా ఉంటానంటూ బుచ్చన్న కూడా బస్సెక్కాడు. పాడుచేసే పనికి సాక్షి ఎందుకో ఆయనకే తెలియాలి.

"ఎవలూ సావద్దత్తా. ఇది ఇంటి పానానికి చేసే బీమా" అని ఉదయ్ కిరణ్ నవ్వి, కంప్యూటర్లో ఒక్కొక్క ప్రశ్నా అడుగుతూ పోయాడు. గోడలు దేనివి? ఇటుకవి. పైకప్పు? స్లాబు. ఎవరు కట్టారు అని మాత్రం కంప్యూటర్ అడగలేదు, అయినా సత్తెమ్మ చెప్పింది.

"సముద్రం ఎంత దూరమత్తా?"

"గింతే బిడ్డా. మిద్దె మీద నిలవడి కూతేస్తె పడవలోళ్లు తలకాయ తిప్పి చూస్తరు."

ఉదయ్ కిరణ్ టకటకా కొట్టాడు. ఏడాదికి ఆరు వేల చిల్లర అని తేలింది. వెంకట్రాములు ముఖం వాడిపోయింది. బుచ్చన్న ముఖం వెలిగింది.

"సూసినవా? ఏడాదికి ఆరు వేలు బీమా, మీదికెల్లి పన్ను. సముద్రానికే గట్టాలె కిరాయి!" అన్నాడు.

"ఇగ వద్దు తియ్యే" అన్నాడు వెంకట్రాములు, భార్య ముఖం చూడకుండా.

సత్తెమ్మ కుర్చీలోంచి లేవలేదు. కుర్రాడి వైపు తిరిగి, "సముద్రం ఎంత దూరమని రాసినవ్?" అని అడిగింది.

"రెండు వందల మీటర్ల లోపు. ఒడ్డుకు గంత దగ్గరుంటె కంపెనోళ్లు ఎక్కువ గుంజుతరు. నువ్వే గదత్తా కూతదూరం అన్నది?"

అప్పుడు అర్థమైంది ఆమెకు. సత్తెమ్మ చిన్నప్పుడు రాతి క్వారీలో పని చేసింది. మందు పేల్చే ముందు కూతపెట్టి జనాన్ని దూరం పంపడం ఆమె పని. అవతలి గుట్ట కింద పని చేసేవాళ్లకు కూడా వినబడాలి, వినబడకపోతే మనిషి మిగలడు. ఆ కూతకూ, ఫోన్లో గుసగుసలాడే ఈ పిల్లగాడి కూతకూ పోలికేంటి?

"నీ కూత రెండు వందల మీటర్లు కొడుకా. నా కూత గాదు."

"మనిషి కూత ఎంత దూరం పోతదత్తా?" అని కుర్రాడు నవ్వాడు.

ఫోన్లో పటం తీసి చూస్తే నిమిషంలో తేలే సంగతే. కానీ వాడు అనుమానపడ్డది దూరం మీద కాదు, సత్తెమ్మ గొంతు మీద. అది ఆమె ఊరుకునే విషయం కాదు. ముగ్గురినీ చెరువు కట్టకు నడిపించింది. భర్తకు ఉదయ్ కిరణ్ ఫోను నంబరు ఇప్పించి, "ఏమయ్యా, గా కొస దంక పో. ఇనవడ్తె ఫోన్ చెయ్యి" అన్నది. ఆయన కుంటుకుంటూ కట్ట వెంబడి పోయాడు. చూస్తుండగానే తెల్లచొక్కా ఒక చుక్కయింది.

సత్తెమ్మ కొంగు నడుముకు దోపింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడి పేరు పలికిన ఆడది కాదు. సర్కారు ఆఫీసర్లు అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేది.

"ఓ... వెంకట్రాములూ!"

చెరువులో కొంగలు లేచాయి. బుచ్చన్న చెవులు మూసుకున్నాడు. కట్ట మీద గేదెలు తోలుకుపోతున్న ముసలాయన నిలబడి వెనక్కి చూశాడు. అంతలోనే ఉదయ్ కిరణ్ ఫోను మోగింది.

"ఇనొచ్చింది" అన్నాడు వెంకట్రాములు. "పేరు గూడ ఇనొచ్చింది."

ఆయన తిరిగి వచ్చేసరికి కుర్రాడు పటంలో ఇంటిని వెతికి పట్టుకున్నాడు. సముద్రానికి కిలోమీటరు పైనే ఉంది. దూరం మార్చి కొడితే ఏడాదికి రెండు వేల లోపు వచ్చింది. వెంకట్రాములు ఆ అంకె వైపు చూడనే లేదు. భార్యనే చూస్తున్నాడు.

"నా పేరు గంత పెద్దగుంటదని తెల్వకపాయె" అన్నాడు. "వస్త. పా."

శనివారం పొద్దున ఆటో గుమ్మం ముందుకొచ్చింది. గిన్నెలు, బొంతలు, తాపీలు ఎక్కించారు. బుచ్చన్న చుట్ట కాలుస్తూ వసారాలో కూర్చున్నాడు. సత్తెమ్మ వెళ్లొస్తానని చెప్పడానికి దగ్గరికి పోతే, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సత్తెమ్మా, పంచాయతోళ్లు రేపట్నుంచి ఇంటి పన్నుకు తిరుగుతరంట. ఎప్పట్లెక్క గా పైసలిచ్చి పో."

పన్ను పన్ను అని వారం రోజులు దడిపించిన మనిషే! నోరెలా వచ్చిందో. వసారాలో పడుకుంటున్నందుకు ఆ ఇంటి పన్ను మొత్తం ఏటా సత్తెమ్మ కూలి డబ్బులతోనే పోయేది. తనది కాదుగా అని అడిగే ధైర్యం లేక కాదు ఆమె కట్టింది. ఇంటి పెద్ద అన్న మర్యాదకు కట్టింది. ఇవాళ ఆ మర్యాద అయిపోయింది.

"బావా, ఇర్వై రెండేండ్లు గీ ఇంటి పన్ను నేను గట్టిన. ఒక్క రసీదు మీద నా పేరు రాలే. పన్ను బరువెంతో నాకు చెప్తుంటివి! సోమవారం సంది నా పేరు మీద వచ్చే పన్ను నేను గడ్త, ఎంతన్న గానీ. నీ పేరు మీద వచ్చేది నువ్వు గట్టుకో."

బుచ్చన్న చుట్ట తీసి తమ్ముడి వైపు చూశాడు. "ఏందిరా, అది గట్ల మాట్లాడ్తుంటే సూసుకుంట నిలవడ్తివి?"

వెంకట్రాములు ఆటోలో ఒక కాలు పెట్టి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అన్న మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు, ఇప్పుడూ చెప్పలేదు.

"తీరినప్పుడు మా ఇంటికి రా అన్నా" అన్నాడు, రెండో కాలు కూడా లోపలికి లాక్కుంటూ.