తాలు లేని రాశి

చేతికి కొత్తగా బొమ్మల డిప్లొమా వచ్చిన ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతి వస్తువుకీ కాస్త వెలుగు తక్కువైనట్టే కనిపించేది. మనిషి ఎదురైతే ముందు ముఖం కాదు, ముక్కు మీద వెలుతురు ఎక్కడ పడుతోందో చూసేదాన్ని. ఎక్కడ నిలబడితే అక్కడ చెయ్యి చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి కొలతలు తీసేదాన్ని. (కొలిచి ఏం చేసేదాన్నని అడక్కండి. కొలవడమే.) చిలకలూరిపేట బస్టాండులో ఒకసారి ఇలాగే ఒక కండక్టరుగారిని కొలుస్తుంటే ఆయన అటూ ఇటూ చూసి, సిగ్గుపడి, బస్సు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ సంగతి నాకంటే ముందే ఇంటికి చేరింది. "రోడ్డు మీద మగాళ్ళకి కన్ను కొడుతున్నావంటగా! ఇదేనా నువ్వు చదివొచ్చిన చదువు?" అని మా అమ్మ లబోదిబోమంది. అది కళలో భాగమని ఎంత చెప్పినా వినలేదు. ఇంకెప్పుడైనా కొలవాలనిపిస్తే ఇంట్లో గుమ్మడికాయని కొలుచుకోమంది.

మాది పొన్నూరు దగ్గర ఊరు. వరిచేల మధ్య పుట్టి పెరిగినదాన్ని. నాన్నకి పోస్టాఫీసు ఉద్యోగం పేటకి బదిలీ అయితే ఆయన వెంట వచ్చాం. పత్తి, మిరప పండే ఈ మెట్ట నాకు కొత్త. మిరపకాయతో నా పరిచయం పచ్చడి జాడీ దాకానే. వచ్చిన నెల తిరక్కుండానే బొమ్మల క్లాసు పెడతానన్నాను. నాన్న కాదనలేదు. "వేసవి దాకా చూద్దామమ్మా. నీ క్లాసు నిలబడితే మంచిదే. లేకపోతే బుద్ధిగా బియ్యీడీలో చేరిపో" అన్నారు. కోపంగా అని ఉంటే ఎదురు తిరిగేదాన్ని. మెత్తగా అన్నారు, దాంతో భయం పట్టుకుంది.

క్లాసుకి గది ఇచ్చింది మా వీధి చివరి చర్చిలో పాస్టరమ్మగారు. అక్కడి సండే స్కూలు గది గోడ మీద ఎవరో ఏనాడో వేసిన నోవహు ఓడ బొమ్మ ఉండేది. అందులో ఏనుగుకి మూడు కాళ్ళే ఉన్నాయి. నాలుగోది వేసి పెడతానని మాటిచ్చి, ఆదివారం మధ్యాహ్నాలు గది సంపాదించుకున్నాను. విద్యార్థులు మొత్తం అయిదుగురు. నలుగురు డిగ్రీ చదివే అమ్మాయిలు, వాళ్ళలో ఇద్దరు గోరింటాకు డిజైన్ల కోసం వచ్చినవాళ్ళు. అయిదో మనిషి, అందరూ మామ్మ అని పిలిచే ఒక పెద్దావిడ.

మామ్మ నిజానికి క్లాసుకి రాలేదు. ఆరాధన అయ్యాక గదిలో ఫ్యాను తిరుగుతుంటే ప్రార్థన కూడిక అనుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నేను సంగతి చెప్పి కాగితం చేతికిస్తే, "నాకు అక్షరాలు రావమ్మా. సున్నా చుట్టడం ఒక్కటే వచ్చు" అంది. "బొమ్మకి అదే మొదటి పాఠం మామ్మా" అన్నాను. (నిజంగానే ఆ రోజు పాఠం సున్నాలే.) డిగ్రీ అమ్మాయిల సున్నాలు కోడిగుడ్లలా వస్తే మామ్మ సున్నా మాత్రం గాజు పెట్టి గీసినట్టు వచ్చింది. ఇక మానలేదు.

ఆమె పని మిరపకాయలు ఏరడం. సీజన్లో ఆడవాళ్ళంతా ఒక ముఠాగా కట్టి కల్లాలకీ షెడ్లకీ వెళ్తారు. రాశి చుట్టూ కూర్చుని మంచి కాయనీ తాలు కాయనీ వేరు చేస్తారు. మామ్మ నలభై ఏళ్ళుగా ఆ ముఠాకి పెద్ద. మూడో వారమో నాలుగో వారమో, అందరూ ఇళ్ళకి వెళ్ళాక, నా దగ్గరకొచ్చి ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

"నాకు ఒక రాశి వెయ్యాలనుందమ్మా. ఒక్క తాలుకాయ లేని రాశి. నలభై ఏళ్ళు ఏరానా, ఏరిన మంచి కాయంతా షావుకారు బస్తాల్లోకి పోద్ది. చీకటి పడేసరికి నా ఎదురుగా మిగిలేది తాలే. కళ్ళు మూసుకున్నా అదే కనపడుద్ది. బొమ్మలోనన్నా ఒక్కసారి, తాలనేది లేకుండా, నాదనేది ఒక రాశి చూసుకోవాలమ్మా."

నేను చాలా అర్థమైనదానిలా తలూపాను. మా పొన్నూరు వైపు తాలంటే వడ్లలో తాలు. తూర్పారబడితే గాలికి ఎగిరిపోయే ఉత్త పొట్టు, లోపల బియ్యం ఉండదు. అంటే మామ్మకి లోపల డొల్ల లేని, నిండుగా గుండ్రంగా గట్టిగా కనిపించే కాయలు కావాలన్నమాట! గుండ్రదనం తేవడం నా చదువులో మొదటి విద్య. గర్వంగా మా ఇంట్లో ఉన్న పెద్ద కాన్వాసు తెచ్చి ఇచ్చాను.

నాలుగు నెలలు వేసింది మామ్మ. ఇంట్లో చోటు లేక కాన్వాసు ఆ గదిలోనే ఉంచేది. కొంగుకి రెండు మిరపకాయలు ముడేసుకుని వచ్చి, రంగు కలిపిన పళ్ళెం పక్కన పెట్టి చూసుకునేది. "ఇది కుంకం ఎరుపమ్మా. కాయ ఎరుపు ఇట్టా ఉండదు. కాస్త నలుపు తగిలించు" అని నాచేత కలిపించేది. కాయ తరవాత కాయ, తొడిమ తరవాత తొడిమ. ఒక్కో ఆదివారం పది కాయలు కూడా అయ్యేవి కాదు. డిగ్రీ అమ్మాయిలు ఈలోగా రెండేసి సూర్యాస్తమయాలు ముగించారు.

వేసవి సెలవుల ముందు పాస్టరమ్మగారు, క్లాసు వాళ్ళ బొమ్మలన్నీ ఒక ఆదివారం ఆరాధన తర్వాత చర్చి హాల్లో పెడదామన్నారు. నాన్న కూడా వచ్చి చూస్తానన్నారు. అంటే నా తీర్పు ఆ రోజే. ముందురోజు శనివారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే హాల్లో బొమ్మలు తగిలించాను. అన్నీ సరే. మామ్మ బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. అంతా ఒకటే ముదురెరుపు. వెలుగు లేదు, మెరుపు లేదు. ఇది చూసి నాన్న "ఏమిటమ్మా ఇది, ఎర్రమట్టి గోడా?" అంటే నా పని బియ్యీడీయే. అదీగాక పాపం మామ్మ నిండు కాయలు కావాలంది కదా! సన్నని కుంచె తీసుకున్నాను. తెల్లరంగులో ముంచాను. ప్రతి కాయ వీపు మీదా ఒక తెల్లని మెరుపు పెట్టుకుంటూ వెళ్ళాను. ఒక్కో కాయ కాన్వాసులోంచి లేచి కూర్చుంటుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. ఒక్క కాయనీ వదల్లేదు. శిష్యురాలి బొమ్మ మీద గురువు చెయ్యి పెట్టకూడదని మా మాస్టారు మూడేళ్ళు మొత్తుకున్నారు. ఆ మాట చెవిలో వినపడింది కూడా. ఇది చెయ్యి పెట్టడం కాదు, సాయం చెయ్యడం అని సర్ది చెప్పుకున్నాను.

మర్నాడు ఆరాధన అయ్యాక మామ్మ ఒంటరిగా రాలేదు. ముఠా మొత్తాన్నీ వెంటేసుకుని వచ్చింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ఉతికిన చీరలు, తలలో పూలు. "ఒక్క తాలు చూపించండి, నేను ముఠా పెద్దరికం వదిలేస్తా" అని పందెం కాసి మరీ పిలుచుకొచ్చిందట. అందరూ బొమ్మ ముందు నిలబడ్డారు. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. తర్వాత ఒకావిడ గట్టిగా అంది:

"ఏందత్తా ఇది? మొత్తం తాలేగా!"

"వానకి తడిసిన కాయలాగుందే!"

"ఒక్కటి చూపించమంటివి, ఒక్క మంచికాయ నువ్వు చూపించత్తా!"

హాలంతా నవ్వులు. మామ్మ నవ్వలేదు. బొమ్మకి దగ్గరగా వెళ్ళి ముఖం పెట్టి చూసింది. ఆమె చెయ్యి దానంతటది లేచి, ఒక కాయని రెండు వేళ్ళతో తీసి పక్కన పడెయ్యబోయి, కాన్వాసుకి తగిలి ఆగిపోయింది. "ఎవరు చేశారమ్మా?" అంది మెల్లగా.

"నేనే మామ్మా. వెలుగు పెట్టాను. తాలు కాకుండా, లోపల నిండుగా ఉన్నట్టు..."

"తాలంటే ఏందనుకున్నావమ్మా?"

"లోపల గింజ లేనిది కదా?"

ముఠా ఈసారి నేల మీద కూలబడి నవ్వింది. "ఓయమ్మో, వడ్ల తాలనుకుంది!" అని ఒకరినొకరు కొట్టుకున్నారు. అప్పుడు చెప్పారు నాకు. మిరపలో తాలంటే డొల్ల కాదు. రంగు చచ్చి తెల్లమచ్చ పడ్డ కాయ. నలభై ఏళ్ళుగా మామ్మ దేన్ని ఏరి పారబోసిందో, సరిగ్గా దాన్నే నేను ఒక్క మధ్యాహ్నంలో ఆమె రాశి నిండా పోశాను. "ఇంత తాలు నా జన్మలో చూళ్ళేదమ్మా" అంది మామ్మ. తిట్టలేదు. తిడితే బాగుండేది. నాన్న గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు. తీర్పు సంగతి అటుంచండి, నాకు ఆయన గుర్తే లేరు. అందరి ముందూ భోరున ఏడ్చేశాను.

నా ఏడుపు ఎంతకీ ఆగకపోతే మామ్మ కాసేపు చూసింది. తర్వాత కాన్వాసుని గోడ మీంచి దింపి నేల మీద పరిచింది. కొంగు దోపుకుని దాని పక్కన చతికిలబడింది. "ఏడుపు తర్వాత. ముందు ఎరుపు కలుపు. నలుపు తగిలించడం మర్చిపోమాక" అంది నాతో. ముఠా వైపు తిరిగి, "ఏందే చూస్తారు? రాశి ఎదురుగా ఉంటే నిలబడతారా? కూర్చోండి, ఏరండి" అంది. ఎనిమిదిమందీ చుట్టూ కూర్చున్నారు. జీవితంలో కుంచె పట్టనివాళ్ళు. అయినా తెల్లమచ్చ కనిపిస్తే వాళ్ళ చెయ్యి తప్పదు కదా. ఒక్క పూతకి తెలుపు చావక గులాబీ రంగు వచ్చింది. "ఇది ఇంకా తాలే" అని మామ్మ రెండో పూత వేయించింది. పళ్ళెంలో రంగు అయిపోయినప్పుడల్లా కొత్త పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని వాళ్ళకి అందిస్తున్న మనిషి ఎవరా అని చూస్తే, నాన్న. చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా ఎరుపు. "ఇటు మూల ఇంకోటి ఉందండీ" అని ఆయనే ఒక తాలు కాయని చూపించారు కూడా.

అయిపోవచ్చేసరికి ఒక్క కాయ మీద మెరుపు మిగిలింది. ముఠాలో చిన్నావిడ జాలిపడి, "పోన్లే అత్తా, టీచరమ్మ గుర్తుగా ఆ ఒక్కటీ ఉంచరాదూ" అంది. నేనూ ఆశగా చూశాను. మామ్మ నా వైపు చూసి, ప్రేమగానే, "వద్దమ్మా" అని, దాని మీద తనే ఎరుపు పూసింది. రాశిని గోడకి నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చాలాసేపు చూసుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇది ఎవురికీ తూకమెయ్యను" అంది. పై ఆదివారం ముఠాలో అయిదుగురు సున్నాలు నేర్చుకోవడానికి వచ్చారు. బియ్యీడీ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు మూడు బ్యాచిలు, కళ్ళజోడు, మోకాలి నొప్పి. శిష్యుల బొమ్మ దగ్గరికి వెళ్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాను. ఈ బొమ్మలో నీకేం కావాలని అడుగుతాను. వాళ్ళు చెప్పింది నాకు అర్థమైందనుకున్నాక కూడా ఇంకోసారి అడుగుతాను. (విసుక్కుంటారు. విసుక్కోనీ.) కానీ ఒక్క నిజం ఒప్పుకోవాలి. ఆ శనివారం మధ్యాహ్నం, ఎవరూ లేని హాల్లో, తెల్లరంగు కుంచెతో ఒక్కో కాయనీ పాడుచేసుకుంటూ పోయినప్పుడు కలిగినంత సంతోషం ఆ తర్వాత ఏ బొమ్మ వేస్తున్నప్పుడూ నాకు కలగలేదు. అంతా తెలుసనుకున్న పిల్ల కదా, చెయ్యి ఎక్కడా వణకలేదు. ఇప్పుడు కాస్త వణుకుతుంది. ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. కానీ మామ్మ రాశి మీద మళ్ళీ కుంచె పెట్టాల్సివస్తే మాత్రం, ఈ వణికే చెయ్యే నయం.