సభా రికార్డులో ఒక అమ్మాయి ఫోన్ నంబరు

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, లాల్‌దర్వాజా బోనాలు ముగిసిన వారంలో మొదలైన వర్షాకాల సమావేశాలకు నన్ను తెలుగు ప్రసంగాలు రాసే బల్లకు సీనియర్ రిపోర్టరుగా వేశారు. రిపోర్టరు అనగానే మా గల్లీలో ఇప్పటికీ "ఏ పేపర్ల రాస్తవే యాదగిరన్నా?" అని అడుగుతారు. చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. ఏ పేపరూ కాదు. చట్టసభలో సభ్యులు మాట్లాడే ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించి, తిరగరాసి, సభ ఉన్నంత కాలం నిలిచే రికార్డుగా తయారుచేసే ఉద్యోగం అది. సభ్యులు వస్తారు, పోతారు, పార్టీలు మారతారు. అన్న మాట మాత్రం మా దగ్గరే ఉంటుంది.

నాకు ఈ విద్య ఏ పంతులూ నేర్పలేదు. పదో తరగతి తప్పి, తర్వాత పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి గట్టెక్కినవాణ్ణి. షార్ట్‌హ్యాండ్ గీతలు ఒక పాత పుస్తకంలో చూసి దిద్దుకున్నాను. వేగం కోసం చార్మినార్ పక్కన గాజుల దుకాణాల అరుగుల మీద కూర్చుని బేరాలు రాసేవాణ్ణి. కొనే ఆడవాళ్లు తెలుగులో, అమ్మే భాయ్ ఉర్దూలో, ఇద్దరూ ఒకేసారి. అంతకంటే మంచి డిక్టేషన్ ఎక్కడ దొరుకుతుంది? తర్వాత సభలో లొల్లి అయినప్పుడు డిగ్రీల మీద డిగ్రీలున్న కొత్తవాళ్లు బెదిరిపోతే, నాకు మాత్రం ఆ దుకాణం అరుగే గుర్తొచ్చేది.

పని పద్ధతి చెప్తాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అధ్యక్షుల పీఠం కింద మా బల్ల ఉంటుంది. ఒక్కొక్కరికి అయిదు నిమిషాల వంతు. వంతు కాగానే రెండోవాడు వచ్చి కూర్చుంటాడు, మొదటివాడు గదిలోకి వెళ్లి తిరగరాస్తాడు. చీఫ్ రిపోర్టరు చదివి పంపితేనే అది రికార్డుకెక్కుతుంది; ఈలోగా మాట్లాడిన సభ్యుడికి ఒక ప్రతి పోతుంది. ఆయన నోరు జారిన పదాన్ని సరిచేసుకోవచ్చు గానీ, అన్నదాన్ని తీసేయకూడదు, అననిదాన్ని చేర్చకూడదు. రికార్డులోంచి మాటను తొలగించే అధికారం సభలో అధ్యక్షులొక్కరికే ఉంది. సాయంత్రం సభ ముగియగానే ఆ రోజు పాఠమంతా వెబ్‌సైటులోకి ఎక్కుతుంది. పూర్వం ఆ సంపుటాలు గ్రంథాలయంలో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉండేవి. ఇప్పుడు పాన్‌డబ్బా దగ్గర నిలబడినవాడు కూడా ఒక పేరు కొట్టి, ఆ పేరు గురించి సభలో ఏమన్నారో చదవగలడు.

ఆ రోజు చర్చకు వచ్చింది విశ్వవిద్యాలయాల సవరణ బిల్లు. పాలకమండలిలో విద్యార్థులకు రెండు స్థానాలివ్వాలని ఒక క్లాజు. వాటికి ఎన్నిక జరిగేందుకు ఓటర్ల జాబితాను పేరు, చిరునామా, ఫోన్ నంబరుతో సహా వెబ్‌సైటులో పెట్టాలని ఇంకో క్లాజు. మొదటిదాని మీద అందరూ గంటల కొద్దీ అరిచారు. రెండోది ఎవరికీ పట్టలేదు. ఎందుకు పడుతుంది? గాజులు కొన్నా ఫోన్ నంబరు రాయించుకుంటున్న రోజులాయె. నేను కోపానికొచ్చి "గాజులకు నంబరెందుకు భాయ్?" అంటే, "నంబరు లేకుంటే మిషన్ బిల్లు కొట్టనియ్యది చాచా, నేనేం జెయ్యాలె" అంటాడు దుకాణంవాడు. బిల్లుకు నంబరు కావాలట, మనిషి అక్కర్లేదట!

నా వంతు నడుస్తుండగా ఒక సీనియర్ సభ్యుడు లేచారు. మేము ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. గొంతు పెద్దది, మాట కోపం, మనసు మాత్రం ఎవరికీ అంతు దొరికేది కాదు. "అధ్యక్షా, గీ పిల్లలకు పాలకమండలిల కుర్చీ ఎయ్యాల్నట. గా కుర్చీల ఎవలు గూసుంటరో జర ఇనుండ్రి" అని జేబులోంచి ఒక కాగితం తీశారు. విద్యార్థులకు స్థానం కావాలని సంతకాలు సేకరిస్తున్న ఒక అమ్మాయి వివరాలవి. పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, తప్పిన సబ్జెక్టులు, చివరికి ఆమె దవాఖానాలో దేనికి చూపించుకుంటున్నదో కూడా గడగడా చదివేశారు. కొందరు నవ్వారు. అధ్యక్షులు అప్పుడే ఏదో ఫైలు చూస్తున్నారు. చర్చ ముందుకు వెళ్లిపోయింది. నా కలం అంతా ఎక్కించింది, ఎక్కించక తప్పదు.

ఆమె మా పాతబస్తీ పిల్లే. పేరు, గల్లీ, జబ్బు ఇక్కడ రాయను.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. పేర్లు, అంకెలు చెవిని నమ్మి రాయకూడదు. చదివిన కాగితంతో పోల్చుకోవాలి. నా రాతలో ఆ నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి లాబీలోకి వెళ్లాను. పెద్దసారు చాయ్ తాగుతున్నారు.

"కాగితం ఏడవెట్టిన్నో యాదికి లేదయ్య. గా నంబర్‌కే కొట్టి సూస్కోరాదు" అన్నారు.

మా గది ఫోను బయటికి కలవదు. నా సెల్లులోంచే కొట్టాను.

"హలో, అమ్మా, సభ నుంచి మాట్లాడుతున్న. రిపోర్టరును."

"మీరు గూడ మొదలువెట్టిన్రా? టీవీల నా నంబరు సదివినప్పటిసంది ఒకటే ఫోన్లు. ఒకడు పాట పాడుతడు, ఒకడు దవాఖానకు తోల్కవోవాల్నా అంటడు. మీకేం గావాలె?"

"ఏం లేదు బిడ్డా, నంబరు సరిగ్గ రాసిన్నో లేదో సూస్కుందామని."

నేను రాసుకున్న అంకెలు చదివి వినిపించాను. తర్వాత అంది: "సరిగ్గనే ఉన్నది అంకుల్. గందుకే మోగుతున్నది."

ఇన్నేళ్ల నౌకరీలో నా రాత సరిగ్గా ఉందని చాలామంది చెప్పారు. అట్లా ఎవరూ చెప్పలేదు.

ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. బాపుకు టీవీ చూసే అలవాటు లేదు. కానీ సాయంత్రం సభ కాగితం బయటికొస్తే కాలేజీ గ్రూపుల్లో తిరుగుతుంది, బస్తీ గ్రూపులోకి వస్తుంది, ఆయన చూస్తాడు. "దవాఖాన ముచ్చట ఇంట్ల తెల్వది అంకుల్. తెలిస్తే నా చదువు బంద్. ఒక్క అంకె మార్చుండ్రి. పేరుల ఒక్క అక్షరం మార్చుండ్రి. ఎవలకు ఎరుకైతది?"

"మారిస్తే గా నంబరు ఇంకో ఇంట్ల మోగుతది బిడ్డా. గా ఇంట్ల గూడ ఆడపిల్ల ఉంటది."

"అంటే రాస్తరన్నట్టు."

"ఇప్పటికైతే రాస్త. తీసేసే చెయ్యి నాది గాదు. ఎవలదో వాళ్ల కాడికి పోత. బిల్లు పాసైతే నువ్వైతే పోటీకి నిలబడుతున్నవా?"

"నిలబడుతున్న. గది మాత్రం పెద్దక్షరాల్ల రాస్కోండ్రి" అని పెట్టేసింది.

మా చీఫ్ రిపోర్టరు సత్యవతి గారు. నాకంటే వయసులో చిన్న, హోదాలో పెద్ద. ఆమె బల్ల మీద నా ప్రతి పెట్టి విషయం చెప్పాను. సభలో లేని మనిషిని, తన మాట చెప్పుకునే వీలు లేని మనిషిని పేరు పెట్టి విమర్శించకూడదన్నది సభా మర్యాద. దాన్ని ఉటంకిస్తూ ఆమె కార్యదర్శి గారికి వెంటనే నోటు పంపారు. "రేపు ఉదయం అధ్యక్షుల దృష్టికి తెస్తాం" అని జవాబు వచ్చింది. సాయంత్రానికే వెబ్‌సైటులోకి పోయే పాఠానికి రేపు ఉదయం ఏం లాభం?

ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు: "యాదగిరి గారూ, మీ వంతు నేనింకా చదవలేదు. ఈ రోజు నాకు చదవడం కొంచెం ఆలస్యమవుతుందిలెండి. అడిగితే నేను చెప్పుకుంటాను." ఆలస్యానికి సంజాయిషీ అడిగే కార్యాలయం మాది. తన పేరు మీద ఆ ఆలస్యాన్ని వేసుకున్నారు. సభ ముగిసే లోపల ఏదైనా జరగాలి. అంతకు మించి ఆపడం ఆమె వల్ల కూడా కాదు.

ఇంతలో పెద్దసారుకు పోయిన ప్రతి తిరిగి వచ్చింది. చూస్తే, అమ్మాయి వివరాలున్న పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది! కాగితం ఎక్కడిదని విలేకరులు లాబీలో ఆయన్ని చుట్టుముట్టారట. నేను సంతోషంగా దాన్ని సత్యవతి గారి ముందు పెట్టాను.

"ఇది మళ్లీ రాయండి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "ఏంది మేడం, మనకు గావాల్సింది గదే కదా? ఆయనే కొట్టేసిండు, పీడా పాయె!"

"ఆయనకు ఆ హక్కు లేదు. ఈ రోజు మంచి కోసం ఒప్పుకుంటే, రేపు ఇంకొకరు సభలో తామిచ్చిన వాగ్దానాన్ని కొట్టేసి పంపుతారు. అప్పుడు మీరు ఏ మొహంతో కాదంటారు?"

కూర్చుని ఆ పేరా మళ్లీ రాశాను. ఫోన్ నంబరుతో సహా. నా చేతితో నేను రాసిన వాటిలో అంత బరువైన రాత ఇంకోటి లేదు. రాసి, ఆమె అనుమతితో పెద్దసారు దగ్గరికి వెళ్లాను.

"ఏందయ్య, నేను కొట్టేస్తే నువ్వు మల్ల రాస్తివి? మాట నాదా, నీదా?"

"అనేదాక మీది సార్. అన్నంక సభది."

"నీ తెలివి సల్లగుండ. మరిప్పుడేం జేయమంటవ్?"

"లేచి అధ్యక్షులను అడగాలె సార్, తొలగించుమని. అడిగితే కాదనరు."

"గంతమంది ముంగట? నేను? రేపు పేపరోళ్లు నన్ను ఉతికి ఆరేస్తరు." చాయ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. "ఎవడో చేతుల వెట్టిండు, సదువుకుంట పోయిన. నంబర్ గూడ ఉన్నదని సదివినంకనే సోయికొచ్చింది." తర్వాత ఉన్నట్టుండి అడిగారు: "ఫోన్ జేసినవు గదా, పిల్ల నన్ను తిట్టిందా?"

"మిమ్ముల ఒక్క మాట అనలే సార్. నన్నే అన్నది."

"ఏమని?"

"నంబరు సరిగ్గనే ఉన్నది, గందుకే మోగుతున్నదని."

ఆయన గ్లాసు కింద పెట్టారు. నన్ను పొమ్మని చెయ్యి ఊపారు.

క్లాజులు ఓటుకు పెట్టే ముందు పెద్దసారు లేచారు. ఆ వంతు నాది కాదు. అయినా తలుపు దగ్గర నిలబడి విన్నాను. "అధ్యక్షా, పొద్దుగాల నేనొక విద్యార్థిని వివరాలు సదివిన. సదవకుండ ఉండాల్సింది. నా వాదన మార్లేదు. పిల్లలకు కుర్చీ వద్దనే అంటున్న. కాని గా పిల్ల ఇల్లు, ఫోను, దవాఖాన నా వాదనల భాగం గావు. తీసేయుమని కోరుతున్న." ఎవరో వెనక నుంచి ఎకసెక్కంగా బల్ల చరిచారు. ఆయన అటు చూడకుండా కూర్చున్నారు. ఆ వివరాలను రికార్డు నుంచీ ప్రసారాల నుంచీ తొలగించాలని అధ్యక్షులు ఆదేశించారు. పత్రికలు వాడకూడదన్నారు.

ఆ తర్వాతే రెండో క్లాజు మీద అసలు చర్చ మొదలైంది. జాబితాలో పేరు, తరగతి చాలునని, అది కూడా కళాశాల నోటీసు బోర్డు మీదే పెట్టాలని సవరణ వచ్చింది. మంత్రి ఒప్పుకున్నారు. విద్యార్థుల స్థానాల క్లాజు నెగ్గింది. పెద్దసారు దానికి వ్యతిరేకంగానే ఓటు వేశారు. నేను మళ్లీ రాసిన ఆ పేరా తీసేసి, ఆ చోట "అధ్యక్షుల ఆదేశానుసారం తొలగించబడినది" అని రాశాను. సత్యవతి గారు దాన్ని చదవడానికి ఏమాత్రం ఆలస్యం చేయలేదు.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. థాంక్స్ చెప్పింది. "నా నంబరు నీకెట్ల తెలిసింది?" అన్నాను, పాత కోపం ఎక్కడికి పోతుంది! "మీరే చేసిన్రు గదా అంకుల్ గారోజు. ఉంచుకోవాల్నా, తీసెయ్యాల్నా?" నా నంబరు గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆమే. ఉంచుకొమ్మన్నాను. ఆమె చదువు ఆగలేదు. ఎన్నికలో గెలిచిందా అని మీరు అడుగుతారు. చెబితే ఎవరో పోల్చుకుంటారు, చెప్పను.

సత్యవతి గారికీ, పెద్దసారుకీ నేను రుణపడ్డాను. ఆమె నన్ను మళ్లీ రాయించకపోతే రికార్డు చెడేది. ఆయన లేవకపోతే ఒక చదువు చెడేది. సరిగ్గా రాస్తే నా పని అయిపోయినట్టేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి, రాసిన వివరం ఎవరిదో వాళ్లకు తెలుసా అని కూడా చూడటం అలవాటైంది. నా తర్వాత ఆ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లకు అదే నేర్పాను.

ఈ నాలుగు ముక్కలు రాసే ముందు కూడా ఆమెకు ఫోన్ చేసి అడిగాను. "రాయుండ్రి అంకుల్, నంబర్ తప్ప" అంది.